మ్యాకింటాష్‌ను అటారీ మీద నడపాలా, అమీగా మీదా? తెర వేగానికి ఏది మేలు

పాత కంప్యూటర్ మీద ఇంకో పాత కంప్యూటర్‌ను నడపాలనుకోగానే అందరూ ముందు చూసేది ప్రాసెసర్ ఎన్ని మెగాహెర్ట్జ్ అని. మ్యాకింటాష్ విషయంలో అది రెండో ప్రశ్న. 1984 నాటి మ్యాక్‌లోనూ, 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ, అమీగాల్లోనూ ఉన్నది ఒకటే మోటరోలా 68000. మ్యాక్ ప్రోగ్రామ్‌లోని ఆదేశాలను ఒక్కొక్కటిగా అనువదించనక్కర్లేదు, అవి ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి. అసలు పేచీ తెర దగ్గర మొదలవుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఖరీదైన యాక్సిలరేటర్ బోర్డు (ప్రాసెసర్ వేగం పెంచేది) కొని, అయినా మ్యాక్ విండో జరిపితే ఇంకా ఈడుస్తూనే ఉందని బాధపడేవాళ్లను చూస్తే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ఆ డబ్బు వేరే చోట పెట్టాల్సింది.

మ్యాక్ తెర మీద గీతలు, అక్షరాలు, మెనూలు అన్నీ గీసేది క్విక్‌డ్రా. బిల్ అట్కిన్సన్ రాసిన ఈ కోడ్ రోమ్‌లోనే, అంటే చెరిగిపోని మెమరీ చిప్‌లోనే ఉంటుంది. దీనికి ప్రత్యేకమైన గ్రాఫిక్స్ చిప్ ఏదీ తెలియదు. ప్రాసెసర్ చేతే తెర మెమరీలోకి నేరుగా బిట్లు రాయిస్తుంది. మొదటి మ్యాక్‌లో తెర 512×342, ఒక్కో పిక్సెల్‌కి ఒక్క బిట్. మొత్తం 21,888 బైట్లు. ఆ మెమరీని మనం ఏ మెషీన్ మీదైనా అదే అమరికలో ఇవ్వగలిగితే క్విక్‌డ్రాకి తేడా తెలియదు. ఇవ్వలేకపోతే, అది రాసిన ప్రతి దాన్నీ ఎవరో ఒకరు తిరగరాయాలి.

అటారీ ఎస్‌టీ ఇక్కడ అదృష్టవంతురాలు. దాని నలుపు తెలుపు మోడ్ 640×400, పిక్సెల్‌కి ఒక బిట్, 32,000 బైట్లు. ఎస్‌టీ మీద మ్యాక్‌ను నడపడానికి డేవిడ్ స్మాల్ తయారుచేసిన మ్యాజిక్ శాక్, ఆ తర్వాత స్పెక్టర్ 128, స్పెక్టర్ జీసీఆర్ ఈ పోలికనే వాడుకున్నాయి. తెర మెమరీ ఎక్కడ మొదలవుతుందో, ఒక్కో వరసకి ఎన్ని బైట్లో (మ్యాక్‌లో 64, ఎస్‌టీలో 80) చెబితే చాలు, మార్పిడి పని సున్నా. పైగా ఎస్‌టీ గడియారం 8 మెగాహెర్ట్జ్, మ్యాక్ ప్లస్‌ది 7.83. మ్యాక్‌లో తెరను చూపించడానికే మెమరీ సమయం కొంత పోతుంది, అంతసేపు ప్రాసెసర్ ఆగాల్సి వస్తుంది. అందుకే అసలు మ్యాక్ కంటే పెద్ద తెర మీద, అసలు మ్యాక్‌కి తీసిపోని వేగంతో ఎస్‌టీ గీస్తుంది. ఎస్ఎం124 మానిటర్ సెకనుకు సుమారు 71 సార్లు తెరను తాజా చేస్తుంది కాబట్టి మిణుకు కనిపించదు, గంటల తరబడి టైప్ చేసినా కళ్లు నొప్పెట్టవు.

లోటు ఒకటే, అదీ పెద్దదే. స్పెక్టర్ వాడేది మ్యాక్ ప్లస్ తరం 128 కేబీ రోమ్. రంగు అన్న మాటే అక్కడ లేదు.

అమీగా కూడా రెండు రంగుల్లో సరిగ్గా ఇలాగే చేయగలదు. ఒకే బిట్‌ప్లేన్ (పిక్సెల్‌కి ఒక్క బిట్ చొప్పున ఉండే మెమరీ పొర) వాడితే దాని అమరిక మ్యాక్ అమరికే. మ్యాక్‌లో 0 అంటే తెలుపు, 1 అంటే నలుపు. అమీగాలో ఆ రెండు రంగులూ మార్చి పెట్టుకుంటే సరిపోతుంది. రెడీసాఫ్ట్ వారి ఎ-మ్యాక్స్ సామాన్య అమీగా మీద మ్యాక్‌ను నడిపింది ఈ వెసులుబాటుతోనే. కానీ మామూలు మానిటర్ మీద అమీగాకు 400 గీతలు కావాలంటే ఇంటర్‌లేస్ మోడ్‌కి (సరి గీతలు ఒకసారి, బేసి గీతలు మరోసారి చూపించే పద్ధతి) వెళ్లాలి. తెల్లటి మ్యాక్ తెర మీద సన్నని నల్లటి గీతలు ఆ మోడ్‌లో వణుకుతాయి. అమీగా 3000లో ఆ వణుకును తీసేసే సర్క్యూట్ లోపలే ఉంది, మిగతా వాటికి విడిగా కొనుక్కోవాలి. కాబట్టి నలుపు తెలుపు వరకే అయితే నా ఓటు ఎస్‌టీకే, సందేహం లేదు.

రంగుల్లోకి వస్తే ఎస్‌టీ పోటీలోనే ఉండదు. ఇక అమీగాలోనే రెండు దారులు: సొంత చిప్‌సెట్, లేదా గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడే అందరూ పొరబడేది.

కలర్ క్యాలెండర్ ఎలా అచ్చవుతుందో ప్రెస్‌లో చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు. ఒకే బొమ్మ నాలుగు ప్లేట్ల మీద విడివిడిగా ఉంటుంది, నాలుగూ ఒకదాని మీద ఒకటి పడితేనే పూర్తి బొమ్మ. అమీగా తెర కూడా అలాంటిదే. 256 రంగులకు ఎనిమిది బిట్‌ప్లేన్లు, ఒక పిక్సెల్‌ తాలూకు ఎనిమిది బిట్లు మెమరీలో ఎనిమిది వేరువేరు చోట్ల ఉంటాయి. దీన్ని ప్లేనార్ అంటారు. మ్యాక్ 256 రంగుల తెర అలా కాదు. ఒక పిక్సెల్, ఒక బైటు, పక్కపక్కనే. అది చంకీ. క్విక్‌డ్రా ఒక చుక్క పెడితే మ్యాక్‌లో ఒక బైటు మారుతుంది. అదే చుక్క అమీగాలో కనబడాలంటే ఎనిమిది ప్లేట్లలోనూ దిద్దాలి.

అమీగా మీద మ్యాక్‌ను నడపడానికి క్రిస్టియన్ బావర్ రాసిన షేప్‌షిఫ్టర్ (68020 లేదా అంతకంటే పై ప్రాసెసర్ కావాలి), జిమ్ డ్రూ ఎంప్లాంట్, ఆ తర్వాత వచ్చిన ఫ్యూజన్ అన్నిటికీ ఎదురైంది ఈ గోడే. మ్యాక్‌కి వేగమైన మెమరీలో ఒక ఉత్తుత్తి తెర చూపించి, అందులో రాసినదాన్ని తిప్పి అమీగా చిప్ ర్యామ్‌లోకి (గ్రాఫిక్స్ చిప్‌లు తెరను చదువుకునే మెమరీ) పంపాలి.

640×480లో 256 రంగులంటే 3,07,200 బైట్లు, మొదటి మ్యాక్ తెరకు 14 రెట్లు. 1992లో వచ్చిన ఏజీఏ అనే అమీగా గ్రాఫిక్స్ చిప్‌సెట్‌లో చిప్ ర్యామ్‌లోకి రాసే వేగం సెకనుకు సుమారు 7 మెగాబైట్లు దాటదు. భాగించి చూడండి: తెర మొత్తం మార్చాలంటే సెకనుకు 23 సార్లకు మించి కుదరదు, అదీ మ్యాక్‌కి వేరే పనేమీ లేకపోతేనే. ఎంతో వేగమైన 68060 ప్రాసెసర్ పెట్టినా ఈ గోడ జరగదు. 68040, 68060ల మీద బాగా రాసిన మార్పిడి కోడ్ చిప్ ర్యామ్ వేగాన్ని అందుకుంటుంది, అంటే ప్రాసెసర్ అప్పటికే మెమరీ కోసం ఎదురు చూస్తోంది. 14 మెగాహెర్ట్జ్ 68ఈసీ020 ఉన్న మామూలు అమీగా 1200 అయితే ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాదు.

తప్పించుకునే ఉపాయం ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. ప్రాసెసర్‌లో ఎంఎంయూ (మెమరీని పేజీలవారీగా కాపలా కాసే భాగం) ఉంటే ఉత్తుత్తి తెరను 4,096 బైట్ల పేజీలుగా విడగొట్టి రాతకు తాళం వేస్తారు. మ్యాక్ ఏ పేజీలో రాయబోతే ఆ పేజీ దొరికిపోతుంది, దాన్ని మాత్రమే మార్చి పంపితే సరి. 640×480 తెరకు సరిగ్గా 75 పేజీలు. మ్యాక్ మౌస్ పాయింటర్ కూడా తెర మెమరీలోనే గీసే బొమ్మ కాబట్టి అది కదిలినా మూడు నాలుగు పేజీలు మారతాయి. అయినా 75 కంటే అది ఎంతో నయం. టైప్ చేస్తున్నప్పుడు, మెనూ తెరిచినప్పుడు హాయిగా ఉంటుంది. పేజీ మొత్తం స్క్రోల్ చేస్తే మాత్రం మళ్లీ మొదటికే. గుర్తుంచుకోండి, 1200లోని 68ఈసీ020లో ఎంఎంయూ లేదు. 4000/030లోని 68ఈసీ030లోనూ లేదు. 4000/040లో, 3000లో ఉంది.

గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఈ గొడవంతా పోతుంది. పికాసో II, సైబర్‌విజన్ 64 లాంటి కార్డుల మెమరీ చంకీయే. క్విక్‌డ్రా నేరుగా కార్డులోకి రాస్తుంది, మారిన బైట్లు మాత్రమే ప్రయాణిస్తాయి, మధ్యవర్తి లేడు. ఎస్‌టీ నలుపు తెలుపులో అనుభవించిన సుఖమే ఇక్కడ రంగుల్లో దొరుకుతుంది. అయితే కార్డు ఏ బస్ (కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య డేటా నడిచే దారి) మీద ఉందో చూసుకోవాలి. పికాసో II ఉండేది 16 బిట్ల జోరో II మీద. దాని హద్దు సెకనుకు 3.5 మెగాబైట్లు, ఏజీఏ చిప్ ర్యామ్‌లో సగం. మామూలుగా గీసేటప్పుడు ఇది పెద్దగా తెలియదు. స్క్రోల్ చేసేటప్పుడు క్విక్‌డ్రా తెరను చదివి మళ్లీ రాస్తుంది కాబట్టి అదే ఇరుకు దారిలో రెండుసార్లు తిరగాలి, అక్కడ నెమ్మది కనబడుతుంది. సైబర్‌విజన్ 64 ఉండేది 32 బిట్ల జోరో III మీద. 3000, 4000 ఉన్నవాళ్లకు ఈ రెంటిలో అదే మేలు.

మన దగ్గర ఈ మెషీన్లు దొరకడం కష్టం, బయటి నుంచే తెప్పించుకోవాలి. యూరప్ అమీగా తీసుకుంటే 230 వోల్టులు మన ప్లగ్గుకి సరిపోతాయి. పాల్ (యూరప్ టీవీ పద్ధతి) మోడ్‌లో 640×512 వస్తుంది కాబట్టి మ్యాక్ 640×480 తెర అందులో పడుతుంది కూడా. అమెరికా ఎన్‌టీఎస్‌సీ మెషీన్‌లో మామూలుగా దొరికేవి 400 గీతలే.

ఒక్క అమీగా 1200 మాత్రమే ఉండి, జోరో స్లాట్లు లేక కార్డు పెట్టే దారి లేనివాళ్లకు నేను చెప్పేది ఇది: మ్యాక్‌లోని మానిటర్స్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి 256 రంగులను రెండుకు దించండి. వర్డ్ ప్రాసెసర్‌కి, స్ప్రెడ్‌షీట్‌కి అంతకంటే అక్కర్లేదు. రంగు తప్పనిసరైతే 16 దగ్గర ఆగండి. ప్లేట్లు ఎనిమిది నుంచి నాలుగవుతాయి, పంపాల్సింది 1,53,600 బైట్లకు తగ్గుతుంది. బోర్డు కొనే ముందు ఈ సెట్టింగ్‌తో ఓ వారం వాడి చూడండి.