ఒక తులం ఊద్ అత్తరు, నాలుగేళ్ళ వాడకం

కడప పెద్ద దర్గాకు వెళ్ళే దారిలోని ఒక చిన్న అంగడిలో నాలుగేళ్ళ క్రితం 2,800 రూపాయలు పెట్టి తులం ఊద్ అత్తరు కొన్నాను. తులం అంటే అత్తరు అంగళ్ళ లెక్కలో సుమారు 12 మిల్లీలీటర్లు. సీసా మీద ఏ కంపెనీ ముద్రా లేదు. మూతకే అతికిన సన్నని గాజు పుల్ల ఒకటి ఉంది, అంతే. ఆ ధరకు తులం స్వచ్ఛమైన ఊద్ తైలం రాదని అంగడి పెద్దాయనే ముందుగా చెప్పి, ఇందులో గంధపు నూనె, కొంచెం గులాబీ, కస్తూరిని పోలిన మరొక వాసన కలిశాయని వివరించాడు. కాబట్టి నేను రాస్తున్నది శుద్ధ తైలం గురించి కాదు, ఊద్ ప్రధానంగా ఉన్న మిశ్రమం గురించి.

ఊద్ అనగానే కొత్తగా వచ్చిన విదేశీ మోజు అనుకునేవారు పూజ గూట్లో ఉన్న పుల్లల పేర్లు తలచుకుంటే చాలు. అగరుబత్తిలోని అగరు, ఊదుబత్తిలోని ఊదు ఒకే కట్టెకు పేర్లు. మొదటిది సంస్కృతం నుంచి, రెండోది కట్టె అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి మనకు వచ్చాయి. నేడు అంగళ్ళలో దొరికే చౌక బత్తీలలో ఆ కట్టె దాదాపుగా ఉండదు గనుక, పేరు నాలుక మీద మిగిలి వాసన మాత్రం మరచిపోయాం. అస్సాంలో పెరిగే ఈ అగరు చెట్టు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని చేవ పాలిపోయి, తేలికగా, వాసన లేకుండా ఉంటుంది. కాండానికి గాయమై, బూజు పట్టినప్పుడు దానిని ఎదుర్కోవడానికి చెట్టు ఊర్చే జిగురే ఏళ్ళ తరబడి పేరుకుని కట్టెను నల్లబరుస్తుంది. సువాసన ఆ నల్లని భాగానిదే. మన శేషాచలం కొండల ఎర్రచందనాన్నీ, ఈ అగరు చెట్టునూ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో 1995లోనే చేర్చారు. పేరులో చందనం ఉన్నా మన ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, అగరుకు ఉన్నదంతా వాసనే. అయినా రెండింటినీ గొడ్డలి నుంచి కాపాడుకోవలసి రావడం, ఈ జిల్లాలో పుట్టిన వాడిగా నన్ను కలచివేసే విషయం.

ఇక వాసన సంగతి. పూసుకున్న మొదటి పావుగంట ఇది అందరికీ నచ్చే వాసన కాదు. తడిసిన తోలు, పులిసిన గడ్డి, ఎరువు దిబ్బ కలిసినట్టు ఉంటుంది. కట్టె ముక్కలను రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, పులియనిచ్చి, ఆ తర్వాత బట్టీలో కాచి, ఆవిరి నుంచి నూనె తీయడం అస్సాం పద్ధతి కాబట్టి ఆ ఘాటు అందులో ఉంటుంది. మొదటిరోజు మా అమ్మ వరండాలోంచే "ఏం నాయనా, గొడ్లకొట్టంలో పండుకోని వచ్చినావా?" అని అడిగింది. ఆమె ముక్కు తప్పు చెప్పలేదు. అయితే అరగంట దాటాక ఘాటు అణిగి, గులాబీ సన్నగా పైకి తేలి, రెండు గంటల తర్వాత ఎండిన కట్టె, తేనె, పొగ కలిసిన ఒక నిదానమైన పరిమళం నిలుస్తుంది. నేను ఈ అత్తరును వదలకపోవడానికి కారణం ఆ దశే. ఉదయం ఎనిమిదికి పూసుకుంటే సాయంత్రం కళాశాల నుంచి తిరిగి వచ్చేదాకా మణికట్టు మీద ఉంటుంది. నూలు చొక్కా మడతల్లోనైతే ఉతికిన తర్వాత కూడా ఛాయగా మిగులుతుంది.

ఊద్ వాడేవారు గంభీరులనీ, రాజసం ఉన్నవారనీ ప్రకటనలు చెబుతుంటాయి. నాలుగేళ్ళ అనుభవంతో నేను దానిని ఒప్పుకోను. మనిషి స్వభావం అత్తరు ఎంపికలో కన్నా మోతాదులో బయటపడుతుందని నాకు రూఢిగా తెలిసింది. మన ముక్కు ఎంత బలమైన వాసనకైనా కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. పూసుకున్నవాడికి వాసన పోయినట్టు అనిపిస్తుంది, పక్కవాడికి మాత్రం అది నిండుగా తగులుతూనే ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకుని చేయి ఆపుకోగలవాడికే ఊద్ నప్పుతుంది. ఆ సంగతి తెలియక మొదటి వేసవిలో ఒక పెళ్ళికి బయలుదేరుతూ మెడకూ, రెండు చేతులకూ దండిగా పూసుకుని, కిటికీలు మూసిన బస్సులో ప్రొద్దుటూరు దాకా ప్రయాణం చేశాను. నా పక్కన కూర్చున్న గర్భిణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా లేచి వెనక సీటుకు వెళ్ళింది. ఆమె మౌనం నన్ను చాలా రోజులు బాధించింది. తర్వాత అంగడికి వెళ్ళి ఈ సంగతి చెబితే పెద్దాయన, "ఒక్క పుల్ల చాలు సార్. ఎదురుగా కూసున్నోళ్ళకు తెలిస్తే సరిపోతుంది, బజారంతా తెలియాల్సిన పని లేదు" అన్నాడు. అప్పటినుంచి పుల్లను ఒకసారి మణికట్టుకు తాకించి, రెండో మణికట్టును దానికి అద్దుతున్నాను; అంతకు మించి ఎన్నడూ పూయలేదు.

మరొక గుణమూ కావాలి, అది ఓపిక. పూసుకున్న వెంటనే ఎవరైనా మెచ్చుకోవాలని కోరుకునేవారు మొదటి పావుగంటకే సీసా పక్కన పెట్టేస్తారు. మా సహోద్యోగి ఒకరు వారం రోజులు వాడి మల్లె అత్తరుకు మారారు. పదిమందితో కలివిడిగా తిరిగే ఆయనకు అదే తగినదని నేనూ అనుకుంటాను. నేను తక్కువ మాట్లాడే మనిషిని. నన్ను దగ్గరగా ఎరిగిన నలుగురికి మాత్రమే తెలిసే వాసన నాకు ఇష్టం.

కడప ఎండ దీనికి గిట్టదు. నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో చెమటతో కలిసి ఆ తొలి ఘాటు గంటకు పైగా పోదు, మెత్తని దశ త్వరగా ఆవిరైపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు దీని సొగసే వేరు. తెల్ల బట్టల మీద పడితే గోధుమరంగు మరక నిలుస్తుంది కాబట్టి చర్మానికే పూయాలి. ఏ విడతకు ఆ విడత కట్టె వేరు గనుక, మిత్రుడి కోసం గత ఏడాది అదే అంగడిలో కొన్న సీసా నాదానికన్నా తియ్యగా, పొగ తక్కువగా ఉంది. కొనేవారు పాత వాసననే ఆశించకుండా, చేతికి పూసుకుని, కనీసం గంటసేపు బజారులో తిరిగి వచ్చి, నచ్చితేనే డబ్బు ఇవ్వడం మంచిది.

నా సీసాలో ఇంకా మూడో వంతు మిగిలి ఉంది. నిలవ ఉన్నకొద్దీ నూనె కాస్త చిక్కబడి, తొలి ఘాటు మొదటి ఏడాది కన్నా బాగా తగ్గింది. మా అమ్మ ఇప్పుడు కొట్టం మాట ఎత్తడం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం దానిని చీకటిగా ఉండే బీరువా అడుగు అరలోనే ఉంచుతున్నాను.