మిల్లు కాంటా సాఫ్ట్‌వేర్: ప్రోగ్రాంకు 5కి 4, అడిగి రాసుకున్న తీరుకు 2

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కాంటా, కొనుగోలు, బిల్లింగ్ కలిపి ఆర్డర్ మీద చేసిచ్చే సర్వీసు ఇది. ప్రోగ్రాం గట్టిదే. వేబ్రిడ్జి ఇండికేటర్ (బండి తూకం అంకె చూపే డబ్బా) నుంచి బరువు నేరుగా కేబుల్‌లో వస్తుంది, అంకె కదలకుండా నిలిచాకే సేవ్ అవుతుంది, ఇంటర్నెట్ పోయినా స్లిప్ ఆగదు. లోటల్లా మిల్లుకు ఏం కావాలో రాసుకునే దగ్గరే.

సాఫ్ట్‌వేర్‌వాళ్లు మిల్లు సేటుతో ఆఫీసులో రెండు గంటలు కూర్చుని రాసుకుపోయారు, కాంటా దగ్గరికి పోలేదు. కాగితంలో "తేమ ఎక్కువుంటే తరుగు తీయాలి" అని ఒక్క ముక్క ఉంది. చదివితే అంతా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ తరుగు తూకంలోనా, ధరలోనా? గోనెల బరువు తీసేశాకనా, తీయకముందా? నికరం (నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలేది) 12,520 కిలోలు, 300 బస్తాలు, గోనెకు 600 గ్రాములు, క్వింటాలుకు 2 కిలోల తరుగు అనుకోండి. గోనెలు ముందు తీస్తే 12,093.2 కిలోలు, తరుగు ముందు తీస్తే 12,089.6. తేడా 3.6 కిలోలే, కానీ లారీ లారీకీ ఇలాగే వస్తుంటే గుమస్తా రిజిస్టరుతో లెక్క ఎన్నటికీ కలవదు. రైతు అడిగితే ఏది సరైన అంకెనో చెప్పేవాళ్లుండరు.

బండి నంబర్ సంగతీ అంతే. ఒకే గడి పెట్టారు. కోతల రోజుల్లో ట్రాలీ నిండుగా ఒక ట్రాక్టర్ ఇంజిన్‌తో వచ్చి, ఖాళీ తూకానికి వేరే ఇంజిన్‌తో ఎక్కితే నికరమే తప్పుతుంది. ఇంజిన్‌కు, ట్రాలీకి వేర్వేరు నంబర్లుండాలని కాంటా ఆపరేటర్‌ను అడిగితే అప్పుడే చెప్పేవాడు.

బియ్యం వైపు బస్తా సైజును ఉత్త పేరుగా పెట్టారు. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ ఉంది, 26 కిలోల బస్తాకు లేదు. అంటే పన్ను పడాలా వద్దా తేల్చేది ఆ సైజే.

ఈ సర్వీసు తీసుకునేవాళ్లు ఒప్పందం మీద సంతకానికి ముందే సాఫ్ట్‌వేర్‌వాళ్లను సీజన్‌లో రెండు రోజులు కాంటా దగ్గర కూర్చోబెట్టండి. సేటు, గుమస్తా, ఆపరేటర్, హమాలీ మేస్త్రీ నలుగురినీ విడివిడిగా అడగనివ్వండి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే సేటు ముందు మిగతావాళ్లు నోరు విప్పరు. తూకం, నికరం, తరుగు, బస్తా అంటే ఈ మిల్లులో ఏమిటో ఒక పేజీలో రాయించండి. "స్లిప్ జల్ది రావాలి" అని వదిలేయకండి, "ఇంటర్నెట్ లేకున్నా 30 సెకన్లలో" అని రాయించండి. బరువు చేత్తో కొట్టాల్సివస్తే ఎవరి పాస్‌వర్డ్‌తోనో, కారణం ఎక్కడ నమోదవ్వాలో కూడా తేల్చండి. మధ్యలో మార్పు అడిగితే తేదీ, అడిగినవాళ్ల పేరు ఆ కాగితంలోనే ఎక్కాలి.

చివరి వాయిదా డబ్బులు మాత్రం పోయిన సీజన్ పాత స్లిప్పులు 20 ప్రోగ్రాంలో కొట్టి, రూపాయితో సహా రిజిస్టరుకు కలిశాకే ఇవ్వండి. ఆ ఇరవైలో తేమ ఎక్కువున్నవి, గోనెలు లేకుండా విడిగా వచ్చినవి తప్పక ఉండాలి.