ప్రాంగ్‌హార్న్‌ల కోసమైతే గార్డినర్‌లో దిగండి

అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లే మనవాళ్లు చాలామంది ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గకి దగ్గరని పడమటి గేటు దగ్గర వెస్ట్ యెల్లోస్టోన్‌లో రూమ్ తీసుకుంటారు. వేడినీటి బుగ్గలు చూడ్డానికి అది సరే. ప్రాంగ్‌హార్న్‌లను, అంటే అక్కడి జింకలాంటి జంతువులను, చూడాలంటే మాత్రం ఉత్తర గేటు పక్కనున్న గార్డినర్ మేలు. 1903లో కట్టిన రూజ్‌వెల్ట్ ఆర్చ్ దాటి ఎంతో దూరం పోకుండానే, ఎండుగడ్డిలో మేస్తూ కనిపించాయి.

పైన లేత గోధుమ రంగు, పొట్ట తెలుపు, మెడ ముందు తెల్లటి పట్టీలు. రోళ్లపాడులో కృష్ణజింకలను చూసినవాళ్లకు వాటి చుట్టాలే అనిపిస్తాయి కానీ, వీటికి దగ్గరి బంధువులు జిరాఫీ, ఆఫ్రికా అడవుల్లో ఉండే ఒకాపీ. ప్రాంగ్‌హార్న్‌ల సొంత కుటుంబంలో ఇప్పుడు బతికున్నది ఇదొక్కటే. కొమ్ముల పైతొడుగు ఏటా రాలిపోయి మళ్లీ పెరుగుతుంది. పరుగు గంటకు 88 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇప్పుడక్కడ దాన్ని ఆ వేగంతో తరిమే జంతువే లేదు. ఎప్పుడో అంతరించిన అమెరికన్ చీతా లాంటివాటి నుంచి తప్పించుకోవడానికే అంత పరుగు వచ్చిందని కొందరు శాస్త్రవేత్తల ఊహ. ఇంత పరిగెత్తే జంతువు కంచె అడ్డొస్తే సాధారణంగా దూకదు, కిందనుంచి దూరడానికి చూస్తుంది!

వేసవిలో గార్డినర్‌లో రేట్లు మండిపోతాయి. మేం దిగిన మోటెల్లో గది శుభ్రంగానే ఉంది, బ్రేక్‌ఫాస్ట్ మాత్రం పేరుకే. శాకాహారులు కిచెనెట్ ఉన్న గది చూసుకుని రైస్ కుక్కర్ తీసుకెళ్తే టెన్షన్ ఉండదు. మా పులిహోర మధ్యాహ్నం దాకా ఆదుకుంది.

పార్కులో జంతువులను చూడ్డానికి వెళ్లే లామార్ లోయకు గార్డినర్ నుంచి గంట ప్రయాణం. పొద్దున్నే బయలుదేరండి. ఎండెక్కితే బైసన్ (అక్కడి అడవిదున్నలు) మందలు రోడ్డుకు అడ్డం నిలబడి ట్రాఫిక్ ఆగిపోతుంది. లోయలో ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రాంగ్‌హార్న్‌కు కనీసం 23 మీటర్ల దూరంలో ఉండాలన్నది పార్కు నిబంధన. మంచి జూమ్ ఉంటే దగ్గరికెళ్లే పనే లేదు.

గైడ్ టూర్ కావాలా అంటే, వీటికోసం డబ్బు దండగ, రోడ్డు మీంచే కనిపిస్తాయి. తోడేళ్లను చూడాలనుకుంటే పెట్టొచ్చు, స్పాటింగ్ స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే దుర్భిణి) ఉన్న గైడ్ వల్ల చాలా తేడా ఉంటుంది. తిరుగు ప్రయాణం పార్కుకు దక్షిణాన ఉన్న జాక్సన్ ఊరి మీదుగా అయితే, పైన్‌డేల్ దగ్గర ట్రాపర్స్ పాయింట్ వైపు వెళ్లండి. ప్రాంగ్‌హార్న్‌లు వలసలో హైవే దాటడానికి 2012లో కట్టిన వంతెన అక్కడుంది. వలస వసంతంలో, శరత్తులో సాగుతుంది కాబట్టి జులైలో వెళ్తే వంతెన ఒక్కటే కనిపిస్తుంది.