జావా అన్‌కాట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్: స్వింగ్ (జావాలో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) అప్లికేషన్‌లో వాడి చూశాక

అన్‌కాట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్ అంటే, కోడ్‌లో ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్‌ను (ప్రోగ్రామ్ నడుస్తుండగా వచ్చే లోపాన్ని) చివరగా అందుకునే కోడ్. జావా 5తో 2004లో వచ్చిన ఈ సదుపాయం లేకుండా నేను ఏ డెస్క్‌టాప్ అప్లికేషన్‌నూ విడుదల చేయను. మెయిన్ మెథడ్ మొదట్లోనే డిఫాల్ట్ హ్యాండ్లర్‌ను ఒక్కసారి అమర్చి, అందులో లాగ్ రాసే కోడ్ పెడితే, ఏ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరుస) అయినా ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్‌తో ఆగిపోయినప్పుడు ఆ థ్రెడ్ పేరూ, స్టాక్ ట్రేసూ (లోపం దాకా నడిచిన మెథడ్ పిలుపుల జాబితా) ఫైలుకు చేరతాయి. అయితే ఎగ్జిక్యూటర్‌కు (పనులను థ్రెడ్‌లలో నడిపించే ఆబ్జెక్ట్‌కు) పనిని సబ్మిట్ మెథడ్‌తో అప్పగిస్తే, ఎక్సెప్షన్ ఫ్యూచర్‌లోనే (పని ఫలితాన్ని ఉంచే ఆబ్జెక్ట్‌లోనే) ఉండిపోయి, దాని గెట్ మెథడ్‌ను పిలిచేదాకా బయటపడదు. నా అప్లికేషన్‌లో ఫైలు సేవ్ చేసే పని ఒకసారి ఇలాగే విఫలమైంది. ప్రోగ్రెస్ బార్ 40 శాతం దగ్గర నిలిచిపోయింది, లాగ్‌లో మాత్రం ఒక్క వరుస కూడా లేదు. సబ్మిట్ బదులు ఎగ్జిక్యూట్ వాడాకే అసలు తప్పు కనిపించింది. స్వింగ్‌లో వెనుక పనులు నడిపే స్వింగ్‌వర్కర్ క్లాస్‌దీ ఇదే తీరు కనుక, పని ముగిశాక నడిచే దాని డన్ మెథడ్‌లో గెట్‌ను తప్పక పిలవాలి. హ్యాండ్లర్ నుంచి డైలాగ్ చూపదలిస్తే ఇన్‌వోక్‌లేటర్ (స్వింగ్ తెరను నడిపే థ్రెడ్‌కు పనిని అప్పగించే మెథడ్) ద్వారానే చూపాలి.