ఇన్వర్టరు బ్యాటరీకి ఇంట్లో కట్టిన వైర్‌లెస్ మీటరు: రెండు వానాకాలాల తర్వాత

పర్లాకిమిడిలో 150 ఏహెచ్ (యాంప్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ మీద నడుస్తున్న మీటరిది. 3.3 వోల్టుల ప్రో మినీ (చిన్న ఆర్డుయినో బోర్డు), ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో. పది నిమిషాలకోసారి లేచి, వోల్టేజి కొలిచి, హాల్లో డిస్‌ప్లేకి పంపి మళ్లీ నిద్రపోతుంది. తిత్లీ తుపానును చూసిన జిల్లాలో బ్యాటరీ ఇంకెంత మిగిలిందో తెలియడం చిన్న విషయం కాదు.

నిద్రలో ఇది తాగే కరెంటు చూస్తే ముచ్చటేస్తుంది. బోర్డు మీది పవర్ ఎల్‌ఈడీ, రెగ్యులేటరు (బ్యాటరీ వోల్టేజిని 3.3కి దించే ముక్క) పీకేసి, నిద్రపుచ్చే ముందు ఏడీసీని (వోల్టేజిని అంకెగా మార్చే భాగం), బ్రౌన్‌ఔట్ డిటెక్టరును (వోల్టేజి పడిపోతే చిప్పును రీసెట్ చేసేది) ఆపేస్తే మొత్తం 20 మైక్రోయాంపుల దగ్గర నిలుస్తుంది. అందులో సగానికి పైగా 1 మెగా ఓమ్, 68 కిలో ఓమ్ డివైడరుదే (బ్యాటరీ వోల్టేజిని చిప్పు కొలవగలిగేంతకి తగ్గించే రెసిస్టర్ల జత).

కానీ మొదటి బోర్డు మాడిపోయింది. కారణం, పీకేసిన దాని బదులు నేను పెట్టిన రెగ్యులేటరు. నిద్రలో 2 మైక్రోయాంపులే తింటుందని ఎంసీపీ 1702 వేశాను. దాని గరిష్ఠ ఇన్‌పుట్ 13.2 వోల్టులు. ‘పన్నెండు వోల్టుల బ్యాటరీ’ అన్న పేరే ఇక్కడ మోసం చేస్తుంది: ఫ్లోట్‌లోనే (నిండాక అలాగే నిలిపి ఉంచే ఛార్జింగులో) 13.6 ఉంటుంది, కరెంటు చాలాసేపు పోయి వచ్చాక ఛార్జింగు 14.4కి ఎక్కుతుంది. అంటే అది రోజూ హద్దు దాటే బతికింది, కొన్ని నెలలు నెట్టుకొచ్చింది. ఒక పెద్ద కోత తర్వాత ఛార్జింగులో లోపల షార్టయి, బ్యాటరీ వోల్టేజి నేరుగా 3.3 లైన్లోకి వచ్చేసింది. రేడియో తట్టుకునేది 3.6, చిప్పు 6. రెండూ పోయాయి. తప్పు ఆ ముక్కది కాదు, డేటాషీటులో ఆ అంకె ఉంది.

ఇప్పుడున్నది 24 వోల్టుల దాకా తట్టుకునే హెచ్‌టీ 7533. నిద్రలో తినేది దాదాపు అంతే. దాని ముందు 100 ఓముల రెసిస్టరు, 18 వోల్టుల జీనరు (ఆ పైకి ఎగిరే వోల్టేజిని అడ్డుకునే డయోడు), 35 వోల్టుల కెపాసిటరు పెట్టాలి. పాజిటివ్ టెర్మినల్ పక్కనే అర యాంపు ఫ్యూజు తప్పనిసరి, లేకపోతే షార్టయిన రోజు తీగే మంటవుతుంది. రేడియో పిన్నుల మీద 10 మైక్రోఫారడ్ కెపాసిటరు లేకపోతే ప్యాకెట్లు పోతాయి.

కొలతలో రెండు చిక్కులున్నాయి. చిప్పు కొలతకి ఆధారంగా వాడే లోపలి 1.1 వోల్టు రిఫరెన్సు చిప్పు చిప్పుకీ 1.0 నుంచి 1.2 దాకా మారుతుంది కాబట్టి మల్టీమీటరుతో ఒకసారి సరిచూసి ఆ అంకె కోడులో రాయాలి. లోడు మీద ఇన్వర్టరు సెకనుకు వంద సార్లు బ్యాటరీని గుంజుతుంది. ఒక్క శాంపిలు నమ్మకుండా 20 మిల్లీసెకన్ల పాటు తీసి సగటు చూడాలి.

వానాకాలంలో రీడింగు మెల్లగా పైకి జరిగింది: మల్టీమీటరు 12.2 అంటుంటే డిస్‌ప్లే 12.4 అంది. సగమే ఉన్న బ్యాటరీ ముప్పావు వంతు ఉన్నట్టు కనిపిస్తుంది, ఇది చాలా ప్రమాదం. 1 మెగా ఓమ్ రెసిస్టరు కాళ్ల మధ్య కడగకుండా వదిలేసిన సోల్డరింగు ఫ్లక్సు, పసుపచ్చటి జిగట మచ్చలా, చెమ్మ పీల్చి కరెంటుకి పక్కదారి ఇచ్చింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బ్రష్షు పెట్టి కడిగి, ఆరబెట్టి, రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేశాక అంకె కుదురుకుంది.

ఆ 20 మైక్రోయాంపుల సంగతి మళ్లీ చెప్పాలి. నెలకి అది 15 మిల్లీయాంప్ అవర్లు. ఇంత పెద్ద లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే కూర్చుంటేనే నెలకి కొన్ని యాంప్ అవర్లు పోగొట్టుకుంటుంది. దీనికి అంత పొదుపు అక్కర్లేదు. వాడకుండా ఉంచే 7 ఏహెచ్ బ్యాటరీకైతే అక్కరకొస్తుంది: ఎల్‌ఈడీ ఉంచి 3 మిల్లీయాంపులు పోనిస్తే నెలలో 2 ఏహెచ్‌కి పైనే హరించుకుపోతుంది.

మా ఇంట్లో బ్యాటరీకీ హాలుకీ మధ్య ఒక్క ఇటుక గోడే, వేగం 250 కిలోబిట్లకి తగ్గించాక సిగ్నల్ సరిపోతోంది. రెండు మూడు మందపాటి గోడలున్న పాత ఇళ్లకి ఈ రేడియోని నేను సిఫారసు చెయ్యలేను.