ఆరు ఆదివారాల ప్రసవ శిక్షణ క్లాసులు: పాపకు 14 నెలలు నిండాక నా మాట

ఏడో నెలలో మొదలుపెట్టి మేమిద్దరం ఆరు ఆదివారాలు హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ప్రసవ శిక్షణ క్లాసులకు వెళ్లాం. రోజుకు రెండున్నర గంటలు, ఇద్దరికీ కలిపి 6,500 రూపాయలు. కాన్పు అయిన కొత్తలో రాసి ఉంటే కోపంగా రాసేదాన్ని. ఇప్పుడు పాపకు 14 నెలలు, ఏది పనికొచ్చిందో ఏది రాలేదో నిదానంగా చెప్పగలను.

ఇంట్లో మొదట ఎవరికీ నచ్చలేదు. "మేమేమైనా క్లాసులకు వెళ్లి కన్నామా, తొమ్మిదో నెల రాగానే ఖమ్మం వచ్చెయ్, అన్నీ నేను చూసుకుంటా" అంది అమ్మ. అత్తమ్మకైతే మగపిల్లాడు అలాంటి చోట కూర్చోవడమే వింతగా అనిపించింది. నాకు నొప్పులంటే విపరీతమైన భయం, రాత్రులు నిద్ర పట్టేది కాదు, అందుకే పట్టుబట్టి చేరాను.

ఆ భయం తగ్గింది, అది మాత్రం నిజం. కటి ఎముకల నమూనాలోంచి గుడ్డ బొమ్మను తిప్పుతూ కిందికి దించి, బిడ్డ తల ఎలా మళ్లుతుందో చూపించారు. నొప్పి అనేది ఆగకుండా ఉండేది కాదు, అలలా వచ్చి పెరిగి తగ్గుతుంది, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది అని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఐసు ముక్క పిడికిట్లో పెట్టుకుని ఒక నిమిషం ఓర్చుకోమన్నారు, ముందు మామూలుగా, తర్వాత నెమ్మదిగా ఊపిరి వదులుతూ. రెండోసారి చెయ్యి అంత మండినట్టు అనిపించలేదు. ఇంటికొచ్చి రోజూ అదే సాధన చేశాను.

కానీ ఈ క్లాసుల్లో నాకంటే ఎక్కువ నేర్చుకున్నది మా ఆయనే. నడుము కింద అరచేతి మడమతో ఎక్కడ నొక్కాలి, తుంటికి రెండు వైపులా ఎలా అదమాలి, నొప్పుల మధ్య ఎడం ఎలా రాసుకోవాలి, అన్నీ చేయించారు. అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తే బయల్దేరండి అన్నారు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా ఈ లెక్కలేవీ చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి అని మూడు వారాలు వరసగా గుర్తు చేశారు. కాన్పుకు వారం ముందు ఒక సాయంత్రం నొప్పులు మొదలైతే అమ్మ బ్యాగు సర్దేసింది. ఈయన రాసుకున్న కాగితం చూస్తే ఒకటి పది నిమిషాలకు, ఇంకొకటి ఇరవైకి, ఒక వరస లేదు. నీళ్లు తాగి, కాసేపు నడిచి, ఎడమ వైపు తిరిగి పడుకుంటే తగ్గిపోయాయి. దొంగ నొప్పులు. మొదటి కాన్పుకు ఊరికి వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయాను కాబట్టి అమ్మే మా దగ్గరికి వచ్చింది, ఆ రాత్రి నుంచి అల్లుడి కాగితం మీద ఆమెకూ నమ్మకం కుదిరింది.

అసలు నొప్పులు 39 వారాలు దాటాక రాత్రి ఒంటిగంటకు వచ్చాయి. పొద్దున తొమ్మిదింటికి ఆస్పత్రికి చేరేసరికి గర్భసంచి ముఖం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. లేబర్ రూమ్‌లోకి భర్తను రానిస్తారా అని క్లాసులో చెప్పిన ప్రకారం నెల ముందే అడిగి పెట్టుకున్నాం, లేకపోతే ఆయన నేర్చుకున్నదంతా బయట కుర్చీలోనే ఉండిపోయేది. పక్కన తనకు నచ్చిన మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018 మార్గదర్శకాల్లో చెప్పింది, అయినా చాలా చోట్ల రానివ్వరు. సాయంత్రానికి ఏడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. తర్వాత బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోందన్నారు. రాత్రి ఆపరేషన్ చేసి పాపను తీశారు.

నా ఫిర్యాదు ఇక్కడే. ఆరు వారాల్లో ఆపరేషన్ గురించి చెప్పింది పట్టుమని పావుగంట కూడా లేదు, అది కూడా తప్పనిసరి అయితే ఇలా ఉంటుంది అన్నట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 80 దాటాయి. అలాంటి చోట ప్రసవ క్లాసు పెట్టి ఆపరేషన్ గురించి చెప్పకపోతే వచ్చిన వాళ్లలో ఎక్కువమందికి సగం పాఠమే అందినట్టు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాక ఒళ్లంతా వణుకుతుందని తెలియక ఏదో అయిపోతోందని భయపడ్డాను. మొదటిసారి మంచం దిగేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలని, దగ్గినా నవ్వినా అలాగే చేయాలని పక్క మంచం అమ్మాయి వాళ్లమ్మ చెప్పింది. అన్నిటికంటే బాధ ఏంటంటే, సరిగ్గా ఊపిరి తీసుకోలేదేమో, ఇంకాస్త ఓర్చుకోవాల్సిందేమో అని రెండు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. నార్మల్ అయితే గెలిచినట్టు అన్న ధోరణిలో పాఠం చెబితే ఎవరికైనా అలాగే ఉంటుంది. నా బిడ్డ గుండె తగ్గడానికి నా ఊపిరికి సంబంధం లేదని డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పాక గానీ మనసు కుదుటపడలేదు.

పాల విషయంలో మాత్రం క్లాసు నిలబెట్టింది. నేను మత్తులో ఉండగా డబ్బా పాలు తెమ్మని చీటీ ఇస్తే, మా ఆయన ముందు ఒకసారి తల్లి దగ్గర పట్టించి చూడండి అని మర్యాదగానే గట్టిగా అడిగారు. మొదటి రోజు ముర్రుపాలు కొంచెం కొంచెంగానే వస్తాయి, ఆ పొట్టకు అవే చాలు అని అక్కడ విన్నాం కాబట్టే అడగగలిగారు. కుట్లున్నప్పుడు బిడ్డను పొట్ట మీద కాకుండా చంక కింద పట్టుకుని పట్టించవచ్చని మాత్రం క్లాసులో చూపించలేదు, ఒక పెద్ద నర్సమ్మ చూపించింది.

ఆఖరి ఆదివారం బొమ్మతో చేయించిన పాఠాన్ని అప్పట్లో తేలిగ్గా తీసుకున్నాను. పాపకు తొమ్మిదో నెలలో, కింద దొరికిన శనగ బద్ద నోట్లో వేసుకుంది. దగ్గు లేదు, ఏడుపు లేదు, ముఖం రంగు మారిపోయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈయన పాపను బోర్లా ముంజేతి మీద వేసుకుని, తల కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో కొట్టారు. మూడో దెబ్బకు బద్ద బయటపడింది, పాప ఏడ్చింది. అయిదు దెబ్బలకూ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలని కూడా చెప్పారు, అక్కడిదాకా వెళ్లలేదు. వేలు పెట్టి గొంతులో గెలకొద్దు అన్నది ఇంట్లో పెద్దవాళ్లందరికీ చెప్పి పెట్టాం. ఈ ఒక్క పాఠానికే 6,500 ఇచ్చినా నాకు బాధ లేదు.

ఇప్పుడు మా చెల్లికి ఏడో నెల. అవే క్లాసులకు వాళ్లాయన్ని తీసుకుని వెళ్తోంది, నేనే చెప్పాను. మొదటి రోజే చెయ్యెత్తి, ఆపరేషన్ అయితే ఏమవుతుందో ఒక పూట మొత్తం చెప్పండి అని అడగమన్నాను. అడిగిందట, నాలుగో వారం చెబుతామన్నారట. కాన్పుకు ముందు నేను కూర్చుని ఊగిన పెద్ద రబ్బరు బంతి కూడా మొన్ననే గాలి తీసి వాళ్లింటికి పంపించాను.