మాటలు లేని రెండు జపాను బొమ్మల పుస్తకాలు

మిత్సుమాస అన్నో 1977లో వెలువరించిన ‘తబి నో ఎహోన్’ (ప్రయాణపు బొమ్మల పుస్తకం)నూ, కత్సుమి కొమగాత 1990లో ఆరంభించిన ‘లిటిల్ ఐస్’ (చిన్ని కళ్లు) పుస్తకాల వరుసనూ కలిపేది ఒక్కటే: రెండింటిలోనూ కథ చెప్పే వాక్యాలు లేవు. కనుక జపనీస్ రాని తెలుగు ఇంట్లోనూ అనువాదం లేకుండానే చూడవచ్చు.

కొమగాత తన పసి కూతురి చూపును గమనిస్తూ చేసినవి మడత కార్డులు. తొలి సంపుటంలో తెలుపు మీద నలుపు ఆకారాలు ప్రధానం. పసికందుకు లేత రంగులకన్నా అటువంటి గట్టి తేడాయే సులువుగా ఆనుతుంది. మడత విప్పితే ఆకారం మారడమే ఇందులోని ఆట.

అన్నో పుస్తకం తీరే వేరు. పడవలో ఒడ్డుకు చేరిన ఒక బాటసారి గుర్రమెక్కి, ఐరోపా పొలాలూ పల్లెలూ పట్టణాలూ దాటిపోతుంటాడు. పుట పుటలో చీమంత ఉన్న అతణ్ణి వెతుకుతుండగానే, ఫ్రెంచి చిత్రకారుడు మిలే గీసిన, పొలంలో వంగి పరిగె ఏరుతున్న స్త్రీలు ఒకచోట, వాన్ గో గీసిన వంతెన మరొకచోట, ఎవరూ వేలు పెట్టి చూపకుండానే ఎదురవుతాయి. చిత్రకళ ఎరిగిన పెద్దలకే ఆ సరదా ఎక్కువగా అందుతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే గాని, పిల్లలకు ఆ జనసమ్మర్దమే చాలు.

ఏడాదిలోపు బిడ్డకైతే కొమగాత కార్డులే తగినవి, అయితే నమిలే వయసు గనుక పెద్దల చేతిలోనే ఉండాలి. నాలుగేళ్లు దాటాక నా ఓటు అన్నోకే.